లేవర్‌కి పదకొండేనట!

ఈ మధ్య టెన్నిస్ గురించి ఎవరితో నోరు విప్పినా ముందు మగవాళ్ళ సింగిల్స్‌లో ఎవరు ఎన్ని గ్రాండ్ స్లామ్ కప్పులు గెలిచారో ఆ పట్టిక తీస్తున్నారు. జొకోవిచ్ 24, నాదల్ 22, ఫెదరర్ 20, సంప్రాస్ 14, ఎమర్సన్ 12, ఆ తర్వాత రాడ్ లేవర్ 11. మా మనవడు ఫోన్లో ఆ పట్టికని బొటనవేలితో కిందికీ మీదికీ లాగి, "తాతయ్యా, ఎప్పుడూ లేవర్ లేవర్ అంటావు, నీ లేవర్ కంటే ఎమర్సన్ ఒకటి ఎక్కువే గెలిచాడు చూసుకో" అన్నాడు. వాడికి ఎమర్సన్ ఎవరో తెలీదు. లేవర్ ఎవరో కూడా నేను చెబితేనే తెలిసింది. అయినా తీర్పు ఇచ్చేశాడు. చేతిలో అంకె ఉంది కదా!

ఒక మనిషి ఇరవై ఏళ్ళు ఆడిన ఆటని కిరాణా కొట్టు పద్దులా అట్టడుగు అంకె చూసి తేల్చేయడం ఈ కాలంవాళ్ళకి ఎంత సులువైపోయిందో. మా రోజుల్లో మేం వాదించుకునేవాళ్ళం కాదా అంటే, బ్రహ్మాండంగా వాదించుకునేవాళ్ళం. క్లబ్బు అరుగు మీద టీ చల్లారిపోయేదాకా అదే పని. కానీ ఆట గురించి వాదించుకునేవాళ్ళం. రోజ్‌వాల్ బ్యాక్‌హ్యాండ్ గొప్పదా, లేవర్‌దా? అంత మెత్తని సర్వీసు పెట్టుకుని మన రామనాథన్ కృష్ణన్ పచ్చిక కోర్టు మీద అంత దూరం ఎలా వెళ్ళాడు? ఇవన్నీ మేం చూశామా? ఎక్కడ చూస్తాం! పేపర్లో చదివి, సినిమా హాల్లో ఆట మొదలయ్యేముందు వేసే న్యూస్ రీలు ఎప్పుడైనా కాస్త చూసి, మిగతాది ఊహించుకునేవాళ్ళం. ఆ ఊహలోనైనా మనిషి ఉండేవాడు. ఇప్పుడు అంకె ఉంది.

సరే, ఆ పదకొండు సంగతేమిటో చెప్తాను. వినే ఓపిక మావాడికి లేదు, మీకైనా ఉంటుందని ఆశ.

1968 ఏప్రిల్ దాకా వింబుల్డన్‌లో, పారిస్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఆ పెద్ద పోటీలు ఆడాలంటే అమెచ్యూర్ అయి ఉండాలి. అంటే, ఆడినందుకు డబ్బు పుచ్చుకోని పెద్దమనిషన్న మాట. ప్రొఫెషనల్‌గా ఆడతానని కాగితం మీద సంతకం పెట్టినవాడికి మర్నాటి నుంచి ఆ నాలుగు గేట్లూ మూత. డేవిస్ కప్పు గేటు కూడా మూతే, దేశం తరఫున ఆడే యోగం పోయినట్టే. అమెచ్యూర్లు నిజంగా డబ్బు ముట్టేవాళ్ళు కాదా? ముట్టేవాళ్ళు. ఖర్చుల పేరు చెప్పి కవర్లు చేతులు మారేవి. చాటుగా తీసుకున్నవాడు మర్యాదస్థుడు, బాహాటంగా తీసుకున్నవాడు వెలి! ఆ కపటం మా కాలానిదే. దాన్నీ తిడతాను. నేను ఇప్పటివాళ్ళని ఒక్కళ్ళనే తిడతానని ఎవరన్నారు?

లేవర్ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, రాక్‌హాంప్టన్ ఊరివాడు. పొట్టి మనిషి, ఎర్ర జుట్టు, ముఖం నిండా మచ్చలు, ఎడమచేతి వాటం. ఆడీ ఆడీ ఎడమ ముంజేయి కుడిదానికంటే లావెక్కింది. కుర్రతనంలో మందకొడిగా కదులుతున్నాడని కోచ్ హ్యారీ హాప్‌మన్ వెటకారంగా 'రాకెట్' అని పేరు పెట్టాడు, రాకెట్ అంటే ఆకాశంలోకి దూసుకుపోయే రాకెట్. వెటకారం కాస్తా బిరుదై కూర్చుంది. 1962లో నాలుగు పెద్ద పోటీలూ ఒక్క ఏడాదిలో గెలిచాడు. అప్పటికి మగవాళ్ళలో ఆ పని చేసినవాడు ఒక్కడే, 1938లో అమెరికా దేశపు డాన్ బడ్జ్.

గెలిచి ఏం చేశాడు? మూడేళ్ళకి లక్షా పదివేల డాలర్ల హామీ మీద సంతకం పెట్టి ప్రొఫెషనల్ అయ్యాడు. 1963 జనవరిలో సిడ్నీలో మొదటి ఆట. ఎదుట లూ హోడ్. నాలుగు సెట్లలో లేవర్‌ని ఓడించాడు. మర్నాడు కెన్ రోజ్‌వాల్ వంతు, ఆయన మూడు సెట్లలోనే ముగించేశాడు. ఆ తర్వాత కొన్ని వారాలు ఇదే వరస. కిందటి ఏడాది ప్రపంచంలో ఉన్న నాలుగు కప్పులూ ఇంటికి తెచ్చుకున్నవాడు కొత్త బళ్ళో వెనక బెంచీ కుర్రాడైపోయాడు. ఎందుకంటే అసలు మొనగాళ్ళు అప్పటికే ఆ గేటు బయట ఉన్నారు కాబట్టి! హోడ్, రోజ్‌వాల్, గొంజాలెజ్, అందరూ అక్కడే. అంటే 1962లో లేవర్ నాలుగు కప్పులూ గెలిచింది వాళ్ళు లేని చోట. ఈ మాట లేవర్ మీద ప్రేమున్న నేనే చెబుతున్నాను, రాసుకోండి.

ఇప్పుడు ఎమర్సన్ పన్నెండు చూడండి. అందులో పది 1963 నుంచి 1967 లోపు గెలిచినవి. అంటే లేవర్ బయట ఉన్న ఆ ఐదేళ్ళలో. ఎమర్సన్ మంచి ఆటగాడు, దిట్టమైన మనిషి, ఆయన్ని ఒక్క మాట అనను. కానీ 1962లో ఆస్ట్రేలియాలో, పారిస్‌లో, అమెరికాలో ఫైనల్లో లేవర్ చేతిలో ఓడింది ఆ ఎమర్సనే. లేవర్ వెళ్ళిపోయాక ఈయన పది గెలిచాడు. ఐదేళ్ళు, ఏడాదికి నాలుగు, మొత్తం ఇరవై పోటీలు లేవర్ ఆడనేలేదు. పట్టికలో ఆ ఇరవైకి ఒక గడి లేదు, ఒక చుక్క లేదు, అడుగున చిన్న అక్షరాల్లో ఒక ముక్క కూడా లేదు. పైన పన్నెండు, కింద పదకొండు. చూసుకో తాతయ్యా, అంటాడు మావాడు.

ఆ ఐదేళ్ళు లేవర్ ఏం చేశాడంటే, తిరిగాడు. ఆ రోజుల్లో ప్రొఫెషనల్ అంటే ఊళ్ళు పట్టుకు తిరిగే నాటక సమాజమే. మంచు మీద హాకీ ఆడే హాళ్ళలో కాన్వాసు పరిచి దాని మీద గీతలు గీసిన కోర్టు, కాళ్ళ కింద చల్లదనం, ఎక్కడో ఓ చోట ముడత. స్కూలు జిమ్నాసియంలో చెక్క నేల. ఆట అవగానే కాన్వాసు చుట్టేసి రాత్రికి రాత్రి కారులో ఇంకో ఊరు. ఎదుట మళ్ళీ ఆ రోజ్‌వాలే, ఆ గొంజాలెజే. ఒకే మనిషితో అన్నేసి రాత్రులు ఆడితే అతని ఆట మొత్తం కంఠతా వచ్చేస్తుంది, ఇతని ఆట అతనికీ వచ్చేస్తుంది. ఇక గెలవాలంటే కొత్తది కనిపెట్టాలి. లేవర్ అక్కడే అసలు లేవర్ అయ్యాడని నా నమ్మకం. వింబుల్డన్ కప్పు నేర్పని విద్య ఆ కాన్వాసు నేర్పింది.

1967 ఆగస్టులో వింబుల్డన్‌వాళ్ళే ఎనిమిది మంది ప్రొఫెషనల్స్‌ని పిలిచి సెంటర్ కోర్టులో ఆడించారు. జనం విరగబడి వచ్చారు. లేవర్ ఫైనల్లో రోజ్‌వాల్‌ని కొట్టాడు. ఇక గేట్లు మూసి లాభం లేదని పెద్దలకి తెలిసొచ్చింది. 1968 ఏప్రిల్‌లో బోర్న్‌మత్‌లో మొదటి ఓపెన్ పోటీ, ఆ వేసవిలో వింబుల్డన్ లేవర్‌కే. బహుమతి ఎంతో తెలుసా? రెండు వేల పౌన్లు. ఆడవాళ్ళలో గెలిచిన బిల్లీ జీన్ కింగ్‌కి ఏడు వందల యాభై. 2025లో వింబుల్డన్ గెలిచినవాళ్ళకి, ఆడైనా మగైనా, మూడు మిలియన్ల పౌన్లు. మొదటి రౌండులోనే ఓడి ఇంటికి పోయినవాళ్ళకి అరవై ఆరు వేలు! ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సమానం అయిందే, అది మాత్రం న్యాయం. 1970లో హ్యూస్టన్‌లో తొమ్మిది మంది ఆడవాళ్ళు ఒక్కో డాలరుకి సంతకాలు పెట్టి వేరే పోటీలు మొదలుపెట్టారు కాబట్టి దక్కిన న్యాయం. ఆ తొమ్మిదిమందిలో కింగ్ పేరు తప్ప ఇప్పటి ఆడపిల్లలు ఇంకో పేరు చెప్పగలరేమో అడగండి. వద్దులెండి, అడక్కండి, బాధపడతారు.

1969లో లేవర్ మళ్ళీ నాలుగూ గెలిచాడు. ఈసారి అందరూ ఉన్నారు, గేట్లన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. అప్పటికి ముప్ఫై దాటినవాడు. బ్రిస్బేన్ ఎండలో టోనీ రోచ్‌తో సెమీ ఫైనల్, రెండో సెట్ ఒక్కటే 22-20. టోపీ లోపల తడిపిన క్యాబేజీ ఆకు పెట్టుకుని ఆడిన ఆట అది. అమెరికాలో ఫైనల్ రోజున వాన, పచ్చిక ఆరబెట్టడానికి కోర్టు పైన హెలికాప్టర్ తిప్పారు. లేవర్ ముళ్ళ బూట్లు తొడిగాడు, మొదటి సెట్ పోయినా మిగతా మూడూ లాగేశాడు.

కానీ ఆ ఏడాది నాకు అన్నిటికంటే గుర్తున్నది వింబుల్డన్ రెండో రౌండు. ఎదుట మనవాడు, కలకత్తా ప్రేమ్‌జిత్ లాల్. మొదటి రెండు సెట్లు లాల్‌వి. మూడోది మూడు మూడు. ఇంకొక్క మూడు గేములు ఇటు పడితే లేవర్ రెండోసారి నాలుగూ గెలవడం అనేదే లేదు, అది చరిత్రలో ఎక్కేదే కాదు. అక్కడ లేవర్ లేచాడు. వరసగా పదిహేను గేములు. మూడోది 6-3, నాలుగు 6-0, ఐదు 6-0. లాల్‌ని జాలిగా తలచుకునేవాళ్ళని చూశాను. నేను మాత్రం జాలి పడను. ఆ ఏడాది లేవర్‌ని వింబుల్డన్‌లో రెండు సెట్లు వెనక్కి నెట్టింది ఆయన, ఇంకెవరూ కాదు. ఆ రెండు సెట్లకి పట్టికలో చోటుందా? లేదు. ఇప్పుడు రెండో రౌండులో ఓడినవాడు స్పాన్సర్ టోపీ పెట్టుకుని ప్రెస్ మీట్‌లో పావుగంట మాట్లాడతాడు.

గొంజాలెజ్ సంగతి ఇంకా అన్యాయం. 1948, 1949లలో అమెరికా కప్పు గెలిచి, ఇరవై ఒక్క ఏళ్ళకే ప్రొఫెషనల్ అయిపోయాడు. పట్టికలో రెండు. రెండే! 1969లో నలభై ఒక్క ఏళ్ళ వయసులో వింబుల్డన్‌కి వచ్చి, పాసరెల్ అనే కుర్రాడితో నూట పన్నెండు గేములు ఆడి గెలిచాడు. మొదటి సెట్ 22-24. చీకటి పడితే ఆపి మర్నాడు ముగించారు. రోజ్‌వాల్ 1956 తర్వాత పదకొండేళ్ళు బయటే ఉన్నాడు, లోపలికొచ్చి 1974లో ముప్ఫై తొమ్మిదేళ్ళకి వింబుల్డన్, అమెరికా రెండు ఫైనల్సూ ఆడాడు. ఇప్పుడేమో ముప్ఫై ఐదేళ్ళవాడు ఆడుతుంటే టీవీవాళ్ళు నోరెళ్ళబెట్టి, ఆహారం, నిద్ర, ఐసు తొట్టె అంటూ గంటసేపు విజ్ఞానశాస్త్రం చెబుతారు. రోజ్‌వాల్‌కి ఐసు తొట్టె ఎవరు ఇచ్చారు?

ఇక గేటు దాటి వెళ్ళనివాడి సంగతి. రామనాథన్ కృష్ణన్. నాగర్‌కోయిల్‌లో పుట్టాడు, తండ్రి దగ్గర ఆట నేర్చాడు, 1954లో వింబుల్డన్ జూనియర్ కప్పు గెలిచాడు. అంతకు ముందు ఆసియా నుంచి ఏ కుర్రాడూ గెలవలేదు. 1959లో డేవిస్ కప్పులో బోస్టన్ దగ్గర ఇదే లేవర్‌ని నాలుగు సెట్లలో ఓడించాడు. జాక్ క్రేమర్ అని అమెరికా ఆసామి ఉండేవాడు, ప్రొఫెషనల్ జట్టు మొత్తం ఆయన చేతిలోదే. ఆయన కృష్ణన్‌ని రమ్మన్నాడు. కృష్ణన్ వెళ్ళలేదు. వెళ్తే దేశానికి ఆడటం ఉండదు. మన వీధిలో ఇప్పుడు ఎవరినైనా అడిగి చూడండి, వెళ్ళకపోవడం తెలివితక్కువ అంటారు. అనండి. ఆ ఇంట్లో కూర్చుని ఆ నిర్ణయం తీసుకున్నది మీరు కాదు.

1960లో, 1961లో వరసగా వింబుల్డన్ సెమీ ఫైనల్. మొదటిసారి నీల్ ఫ్రేజర్ చేతిలో, రెండోసారి లేవర్ చేతిలో ఓటమి, రెండేళ్ళూ కప్పు వాళ్ళదే. 1961 క్వార్టర్ ఫైనల్లో మన పట్టికలో పన్నెండు పెట్టుకుని కూర్చున్న ఎమర్సన్‌ని మూడు వరస సెట్లలో పంపించాడు. 1962లో నాలుగో సీడ్ ఇచ్చారు, చీలమండ దెబ్బతో తప్పుకున్నాడు. పట్టికలో కృష్ణన్ పేరు? లేదు. సున్నా గెలిచినవాళ్ళకి పట్టిక ఉండదు.

1966లో కలకత్తా సౌత్ క్లబ్ పచ్చిక. బ్రెజిల్‌తో డేవిస్ కప్పు. నేను అప్పుడు కాలేజీ కుర్రాణ్ణి, మీసం కట్టు చూసుకునే వయసు. రెండు రెండుతో సమానం అయి, ఆఖరి ఆట కృష్ణన్‌కీ తోమాజ్ కోక్‌కీ పడింది. కోక్ రెండు సెట్లు గెలిచాడు, కృష్ణన్ ఒకటి. నాలుగో సెట్లో కోక్ 5-2. ఇంకొక్క గేము. పేపర్ వచ్చేసరికి మా వీధిలో ఒక పెద్దాయన దాన్ని వెనక నుంచి ముందుకి చదివేవాడు, ఆటల పేజీ ముందు. ఆయన అరుగు మీద కూర్చుని చదువుతుంటే మేం నలుగురం చుట్టూ నిలబడ్డాం. 5-2 దగ్గర ఆపి కళ్ళజోడు తుడుచుకున్నాడు మహానుభావుడు. కావాలనే ఆపాడు! తర్వాత తీరిగ్గా చదివాడు, నాలుగో సెట్ 7-5 కృష్ణన్, ఐదోది 6-2 కృష్ణన్. భారత్ ఛాలెంజ్ రౌండులోకి, అంటే ఫైనల్లోకి, వెళ్ళింది. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా 4-1తో ఓడించింది, ఆ ఒక్కటీ డబుల్స్‌లో కృష్ణన్, జయదీప్ ముఖర్జీ కలిసి న్యూకోంబ్, రోచ్‌ల మీద గెలిచింది. ఈ రోజుల్లో వేలికొసన లైవ్ స్కోరు ఉంది, నిజమే. ఆ 5-2కీ 7-5కీ మధ్య మేం పడ్డ యాతన అందులో ఎక్కడుంది?

మా ఊరి క్లబ్బులో మాకూ ఒక ఆట ఉండేది. గరుసు నేల కోర్టు, సాయంత్రం నీళ్ళు చల్లి రోలరు లాగి సున్నంతో గీతలు గీసేవాళ్ళు. బ్యాటుకి ప్రెస్ అని చెక్క చట్రం ఒకటి ఉండేది, ఇప్పటివాళ్ళకి చూపిస్తే ఎలుకల బోను అనుకుంటారు. బ్యాట్ తలకాయ ఆ రెండు చెక్కల మధ్య పెట్టి నాలుగు మూలలా చెవుల నట్లు బిగించాలి. నాలుగూ ఒకే మోతాదులో. ఒక మూల అరచుట్టు ఎక్కువ తిప్పినా వానాకాలం పోయేసరికి బ్యాట్ మెలితిరిగి కూర్చునేది. తేమకి చెక్క ఉబ్బేది, గట్ తీగలు సాగేవి. తీగలు కట్టేది మా క్లబ్బు మార్కర్. ఒక తీగ లాగి, అది వెనక్కి జారకుండా రంధ్రంలో దబ్బనం గుచ్చి, తర్వాతది లాగేవాడు. అంతా అయ్యాక గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకునేవాడు. శబ్దం నచ్చకపోతే విప్పేవాడు. "ఇంకో గంట పడుతుంది బాబూ, మీరెళ్ళి కాఫీ తాగి రండి" అనేవాడు. మనం మారు మాట్లాడకూడదు. ఆయన సభ్యులతో ఆడేవాడు, మెంబరు గారికి బాధ కలగకుండా ఎక్కడ ఓడాలో అక్కడ ఓడేవాడు కూడా. ఆయన నిజంగా ఆడితే క్లబ్బులో ఒక్కరూ నిలబడేవాళ్ళు కాదు. ఆయన బ్యాక్‌హ్యాండ్ ఇప్పటికీ నాకు కళ్ళకు కడుతుంది.

ఇప్పుడు సంచిలో అరడజను పైగా బ్యాట్లు, అన్నీ ఆ ఉదయమే మిషన్ మీద తీగలు కట్టినవి. చెక్క బ్యాట్ వింబుల్డన్‌లో ఆఖరుసారి కనబడింది 1987లో. సైడు మారేటప్పుడు కూర్చోడానికి కుర్చీలు వేశారు 1975లో, అంతకుముందు నిలబడే నీళ్ళు తాగి అటు వెళ్ళేవాళ్ళు. కుర్చీలు వేయడం నేను కాదనను, మనుషులే కదా. కానీ 2025 నుంచి గ్యాలరీలోంచి కోచ్ ఆట మధ్యలో సలహాలు ఇచ్చుకోవచ్చట! ఇదేం టెన్నిస్? కోర్టులో ఒక్కడే ఉంటాడు, ఏం చేయాలో ఒక్కడే తేల్చుకోవాలి, అదే కదా ఆట ఆడేవాడికి పరీక్ష? కృష్ణన్ 5-2 వెనకపడినప్పుడు గ్యాలరీ కేసి చూడలేదు. లేదా చూసినా అక్కడ ఎవరూ వేళ్ళతో సైగలు చేయలేదు. ఇప్పుడు పాయింటు పోగానే ముందు చూపు గ్యాలరీలో కూర్చున్న గుంపు మీదికి. కోచ్, ఫిజియో, ట్రైనర్, మేనేజరు, ఇంకా ఎవరెవరో. తువ్వాలు, మళ్ళీ తువ్వాలు, తర్వాత బంతిని నేలకేసి డజనుసార్లు కొట్టడం. అందుకే కదా పాతిక సెకన్ల గడియారం పెట్టాల్సి వచ్చింది!

ఆ గుంపు పోషించడానికి డబ్బు కావాలి, డబ్బుకి పాయింట్లు కావాలి. 1973 ఆగస్టులో కంప్యూటర్ ర్యాంకులు మొదలయ్యాయి, మొదటి నంబర్ వన్ నాస్టాసే. కిందటి ఏడాది ఈ వారం సంపాదించిన పాయింట్లు ఈ ఏడాది ఈ వారం రాలిపోతాయి. అంటే ఆటగాడు ఎదుటివాడితోనే కాదు, పోయినేడాది తనతో కూడా ఆడాలి. నలత చేస్తే ర్యాంకు జారుతుంది, ర్యాంకు జారితే పెద్ద పోటీల్లోకి నేరుగా ప్రవేశం పోతుంది. ఇంటికెళ్ళడానికి వీల్లేదు. 2023లో మన నంబర్ వన్ సుమిత్ నాగల్ తన ఖాతాలో మిగిలింది సుమారు తొమ్మిది వందల యూరోలేనని బయటకే చెప్పాడు. దేశంలో మొదటివాడు! మరుసటి జనవరిలో ఆస్ట్రేలియాలో క్వాలిఫయింగ్ ఆడి గెలిచి, సీడ్ ఉన్న ఆటగాణ్ణి మొదటి రౌండులో ఓడించాడు. ఒక వైపు మూడు మిలియన్ల పౌన్లు, ఇంకో వైపు తొమ్మిది వందల యూరోలు. ఆ గేట్లు తీసింది దీనికా? లేవర్‌వాళ్ళు కారులో రాత్రంతా ప్రయాణం చేసినప్పుడు నలుగురికీ కలిపి ఒకటే కష్టం, అదైనా ఉండేది.

పట్టిక మీద ఇంకో రెండు మాటలు మిగిలిపోయాయి, చెప్పకపోతే నిద్ర పట్టదు. బోర్గ్ కూడా పదకొండే. ఆయన ఆస్ట్రేలియా పోటీ ఆడింది జన్మలో ఒక్కసారి, 1974లో. ఇరవై ఆరేళ్ళకే చాలించాడు. కానర్స్ 1974లో మిగతా మూడూ గెలిచాడు, నాలుగోది పారిస్‌ది ఆడనివ్వలేదు, అమెరికాలో వేరే లీగుకి ఒప్పందం చేసుకున్నాడని. జొకోవిచ్ నాలుగు చోట్లా దాదాపు ఏటేటా ఆడాడు, బాగా ఆడాడు, గెలిచాడు. మూడు రకాల జీవితాలు ఇవి, ముగ్గురికీ ఒకే పట్టికా?

అదే 1974లో మనవాళ్ళు, విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ అన్నదమ్ములు ఉన్న జట్టు డేవిస్ కప్పు ఫైనల్‌కి వచ్చింది. ఎదుట దక్షిణాఫ్రికా. అక్కడ అప్పుడు తెల్లవాళ్ళ వర్ణ వివక్ష పాలన. మన దేశం ఆడనంది. కప్పు ఆడకుండానే వాళ్ళకి పోయింది. విజయ్ అప్పటికి మంచి ఊపులో ఉన్నాడు, అంతకు ముందేడు అమెరికా పోటీలో లేవర్‌ని, ఆ ఏడాది బోర్గ్‌ని ఓడించినవాడు. పట్టిక చూస్తే భారత్ పేరు పక్కన రన్నరప్ అని ఉంటుంది. ఓడినవాడు రన్నరప్, ఆడనన్నవాడూ రన్నరప్! నేను చదివిన ఆటల వార్తల్లో దానికి మించిన గెలుపు లేదు. మా మనవడికి ఈ సంగతి చెబితే ఒక నిమిషం ఫోను పక్కన పెట్టాడు. ఒక్క నిమిషమే.

చివరిగా మన ఊరమ్మాయి. సానియా మీర్జా. పార్కులో నడిచే మా గుంపులో ఒకాయన ఉన్నాడు, ఆయనకి అలవాటు, "సింగిల్స్‌లో ఒక్క గ్రాండ్ స్లామైనా కొట్టిందాండీ?" అంటాడు. అంకె కోసం అడిగేవాళ్ళు మా వయసులోనూ ఉన్నారు. ఆయనకి నేను చెప్పేది ఇది: 2007లో ఆ పిల్ల సింగిల్స్‌లో ప్రపంచంలో ఇరవై ఏడో స్థానానికి వెళ్ళింది. ఆమెకి ముందు గానీ తర్వాత గానీ మన దేశపు ఆడపిల్ల ఒక్కతె కూడా తొలి వందలోకి రాలేదు. మణికట్టుకి ఆపరేషను, మోకాళ్ళు సహకరించకపోవడం, ఇవన్నీ అయ్యాక సింగిల్స్ వదిలి డబుల్స్ పట్టుకుంది. మొత్తం మీద మూడు మిక్స్‌డ్, మూడు ఆడవాళ్ళ డబుల్స్ గ్రాండ్ స్లామ్‌లు గెలిచింది, ఆ చివరి మూడూ మార్టినా హింగిస్‌తో కలిసి. హింగిస్‌తో వరసగా నలభై ఒక్క మ్యాచ్‌లు ఓడకుండా ఆడింది. డబుల్స్‌లో 91 వారాలు నంబర్ వన్. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన విశాఖ కుర్రాడు సాకేత్ మైనేనితో మిక్స్‌డ్ బంగారు పతకం. 2023 జనవరిలో ఆస్ట్రేలియాలో, బిడ్డతల్లి అయ్యాక, ముప్ఫై ఆరేళ్ళ వయసులో, బోపన్నతో కలిసి మళ్ళీ ఫైనల్ ఆడింది. ఆ పెద్దమనిషి ఇదంతా విని, "అయితే సింగిల్స్‌లో లేదన్న మాట" అంటాడు. ఆయనతో నేను మాట్లాడటం మానేశాను. నడక మాత్రం మానలేదు, నా బెంచీ ఆయనకెందుకు వదలాలి?

2005 ఫిబ్రవరిలో ఫతే మైదాన్ కోర్టుల్లో సానియా హైదరాబాద్ ఓపెన్ గెలిచింది. ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి బొండరెంకోతో మూడు సెట్లు. భారత ఆడపిల్ల డబ్ల్యూటీఏ సింగిల్స్ కప్పు గెలవడం అదే మొదలు. మాలాంటి ముసలాళ్ళు కూడా ఎండలో మెట్ల మీద నిలబడి చూసిన ఆట అది. ఇక ఏటేటా మన ఊళ్ళోనే చూడొచ్చని అనుకున్నాం. మరుసటి ఏడాది ఆ పోటీ బెంగుళూరు వెళ్ళిపోయింది. ఊరి పిల్ల కప్పు గెలిచిన ఊళ్ళోంచి కప్పునే లేపేశారు! ఎవరు, ఎందుకు, ఎంతకి అని అప్పుడు పేపర్లకి ఉత్తరాలు రాశాను. ఒక్కటీ వేయలేదు. కాపీలు నా దగ్గరున్నాయి, కావలసినవాళ్ళు వచ్చి చదువుకోవచ్చు.